గుడికి నూరు మీటర్ల లోపు ఒక గది

అలంపూర్‌లో నవబ్రహ్మ ఆలయాల చుట్టూ పాత ఊళ్లో ఇల్లున్నవాళ్లు రెండు సంగతులు గుర్తుపెట్టుకుని బతకాలి. ఒకటి 1992 జూన్ 16 అనే తేదీ. రెండోది గుడి హద్దుకూ మన గోడకూ మధ్య ఉన్న దూరం. ఆ తేదీన కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం, అక్కణ్నుంచి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010లో పార్లమెంటు ఈ రెండు గీతలనూ 1958 నాటి పురాతన కట్టడాల చట్టంలోకే ఎక్కించింది. మా ఇల్లు మొదటి గీత లోపల ఉంది. మా ముత్తాత కట్టించిన మట్టి మిద్దె. పెరటి వైపు అమ్మకు ఒక గది, దాన్ని ఆనుకుని బాత్రూము వేద్దామనుకున్నాం. వీల్లేదన్నారు. ఇందులో ఎవరూ ఫైలు తొక్కిపెట్టలేదు, ఎవరూ చెయ్యి చాచలేదు. నిషిద్ధ ప్రాంతంలో పాత ఇంటికి కొత్త గది కలపడానికి అనుమతి ఇచ్చే అధికారం ఈ దేశంలో ఏ ఆఫీసరుకూ లేదు.

ఈ చట్టం అక్కర్లేదని నేననను. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించిన గుళ్లు అవి. తుంగభద్ర ఒడ్డున ఇన్ని వందల ఏళ్లు నిలబడ్డాయి. జోగులాంబ అమ్మవారిది అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. 2005లో కొత్త ఆలయం లేచాక యాత్రికుల రాక బాగా పెరిగింది. హైదరాబాద్–బెంగళూరు హైవే మీది అలంపూర్ చౌరస్తా నుంచి బండి మళ్లిస్తే ఊళ్లోకి వచ్చేయొచ్చు. ఇలాంటి చోట చట్టం లేకపోతే ఏమయ్యేదో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. బాలబ్రహ్మ ఆలయ శిఖరం పక్కనే దానికంటే ఎత్తుగా లాడ్జీలు లేచేవి, వాటి నెత్తిన నీళ్ల ట్యాంకులు, సెల్ టవర్లు వచ్చేవి. ఆ గీతే గీయకపోయి ఉంటే ఈపాటికి ఆలయాలు కాంక్రీటు మధ్యలో ఇరుక్కుపోయేవి. అందుకు ఆ చట్టానికి దండం పెడతాను.

నా అభ్యంతరం వేరే. లాడ్జీకీ మా అమ్మ బాత్రూముకీ ఆ చట్టంలో ఉన్నది ఒకటే వాక్యం. ఏం కడుతున్నావు, దేనితో కడుతున్నావు, ఎంత ఎత్తు, గుడి దగ్గర నిలబడితే కనపడుతుందా అన్న ప్రశ్నలు నిషిద్ధ ప్రాంతంలో అసలు పుట్టనే పుట్టవు. టేపు ఎన్ని మీటర్లు చూపించింది, అదొక్కటే లెక్క.

చట్టంలో 'నిర్మాణం' అంటే ఏమిటో రాసి ఉంది. కొత్త కట్టడమే గాక, ఉన్నదానికి పైకి గానీ పక్కకు గానీ ఏది కలిపినా నిర్మాణమే. దానికి కొన్ని మినహాయింపులు ఇచ్చారు. మురుగు కాలవలు, ప్రజలకు నీళ్లు, కరెంటు అందించే పనులు, పబ్లిక్ మరుగుదొడ్లు నిర్మాణం కింద లెక్కకు రావు. అంటే గుడికి యాభై మీటర్ల దూరంలో ఊరందరికీ మరుగుదొడ్డి కడితే అది నిర్మాణం కింద రాదు. అదే యాభై మీటర్ల దూరంలో, ప్రహరీ లోపల, బయటికి కనపడకుండా ఒక ఇంట్లోవాళ్లు పెరట్లో కట్టుకుంటే నిర్మాణం. దానికి శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంకో పక్క అదే ప్రభుత్వం స్వచ్ఛ భారత్ కింద ఇంటింటికీ మరుగుదొడ్డి ఉండాలని పల్లెల్లో 12,000 రూపాయలు చేతికిచ్చి కట్టించింది. రెండు ఉద్దేశాలూ మంచివే. రెంటినీ కలిపి చూసే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

ఇల్లు ఎలాంటిదో చెబితేగానీ మిగతాది అర్థం కాదు. రాతి గోడలు, సందుల్లో మట్టి. గోడ మందం మూర పైనే. పైన టేకు దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద కట్టెలు పరిచి, ఆకు వేసి, మందంగా మట్టి పోసి తొక్కించిన మిద్దె. నడి ఇంట్లో వెలుతురు కోసం కప్పులో గవాచి. ఏటా వానల ముందు మిద్దె మీద చౌడు మన్ను పోయించాలి. ఆ పని ఒక్క ఏడు తప్పిందంటే ఎక్కడో ఒకచోట నీళ్లు దిగుతాయి, దిగినచోట దూలం మెత్తబడుతుంది. ఎండాకాలం బయట నిప్పులు చెరుగుతున్నా లోపల ఫ్యాను లేకుండా పడుకోవచ్చు. వీధి వాకిలికి అటూ ఇటూ అరుగులు, చెక్కిన దర్వాజా. అలాంటి ఇళ్లు మా వీధిలో వరసగా ఉండేవి. పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా, ఈ పక్క కోట గోడ, ఆ పక్క గుళ్లు, మధ్యలో ఈ మిద్దెలు. ఇవన్నీ కలిస్తేనే అలంపూర్.

ఈ ఇళ్లలో లేనిది ఒక్కటే, ముసలివాళ్లు రాత్రిపూట లేచి నాలుగడుగుల్లో వెళ్లగలిగే బాత్రూము. పాత రోజుల్లో ఇంట్లో అది పెట్టుకోవడమే తప్పనుకునేవాళ్లు, పెరటి చివర్న ఉండేది. మోకాళ్లు అరిగిన మనిషికి పెరటి చివర అంటే పక్క ఊరితో సమానం.

మరమ్మతులకు చట్టం ఒప్పుకుంటుంది. 1992 జూన్ 16 కంటే ముందు నుంచి ఉన్న ఇల్లయితే మరమ్మతుకు, పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తు అందుకున్న అధికారి 15 రోజుల్లో దాన్ని జాతీయ స్మారక ప్రాధికార సంస్థకు పంపాలి. వాళ్లు రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి. ఆ తర్వాత నెలలోపు మనకు అవునో కాదో తెలియాలి. అయితే మరమ్మతు అంటే ఉన్న కట్టడంలో మార్పులే. పడిపోయిన ఇంటిని అదే కొలతలతో, అదే ఎత్తులో తిరిగి లేపడాన్ని చట్టం 'పునర్నిర్మాణం' అంటుంది. నియంత్రిత ప్రాంతంలో దానికి అనుమతి అడగొచ్చు. నిషిద్ధ ప్రాంతంలో అడిగే దారి లేదు.

మట్టి మిద్దెలో ఉండేవాళ్లకు ఈ తేడా ఎంత భయం పెడుతుందో చెప్పాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును ముంచిన వరద అలంపూర్‌నూ ముంచింది. రాతి గుళ్లు నీళ్లు తీశాక కడుక్కుంటే మళ్లీ గుళ్లే. మట్టి గోడ అలా కాదు. నీళ్లు తీసిన వారానికి, పది రోజులకు, గోడ అడుగున మట్టి జారిపోయి రాళ్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. మా వీధిలో ఒక ఇల్లు అలాగే కూలింది. వాళ్ల దగ్గర వెంటనే డబ్బుల్లేవు, వచ్చే ఏడు చూద్దామనుకున్నారు. 2010 మార్చిలో కొత్త చట్టం వచ్చింది. ఆ స్థలంలో ఇప్పుడు కంప చెట్లున్నాయి. ఆ కుటుంబం కర్నూలులో అద్దెకుంటోంది.

చట్టం ఇంత బిగుసుకుపోవడానికి కారణం లేకపోలేదు. 2006లో ఒక నిపుణుల సలహా సంఘాన్ని వేసి, దాని సిఫారసు మీద నిషిద్ధ ప్రాంతంలోనే నిర్మాణాలకు అనుమతులిచ్చారు. అలా ఇచ్చే అధికారం చట్టంలో లేదని 2009 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. దాంతో పార్లమెంటు, ఇచ్చినవి నిలబెట్టి, ఇకముందు ఎవరికీ ఇవ్వకూడదని తలుపు పూర్తిగా మూసేసింది. పెద్ద పట్టణాల్లో పలుకుబడి ఉన్నవాళ్లు తెచ్చుకున్న అనుమతుల ఫలితం పాత ఊళ్లలో మిద్దె ఇళ్లవాళ్ల మీద పడింది. ఆ తర్వాత 2018 జనవరిలో లోక్‌సభ ఒక సవరణ బిల్లును ఆమోదించింది. ప్రజోపయోగమైన పెద్ద పనులకు నిషిద్ధ ప్రాంతంలో అనుమతి ఇవ్వొచ్చని అందులో ఉంది. రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపింది, చట్టం కాలేదు. అయి ఉంటే ఫ్లైఓవరుకు దారి దొరికేది. మా పెరటికి అప్పుడూ దొరికేది కాదు.

నన్ను ఎక్కువగా కలిచివేసేది ఇంకొకటుంది. ఈ చట్టం గుడిని కాపాడుతుంది, మా ఇంటిని కాపాడదు. నేను ఈ ఇంటికి ఒక గది కలిపితే నేరం. ఇదే ఇంటిని పడగొట్టి, దూలాలు, దర్వాజాలు పాత కలప కొనేవాళ్లకు అమ్ముకుంటే అది 'నిర్మాణం' కిందికి రాదు. మిద్దె మీద మన్ను పోయించకుండా వదిలేసి నాలుగు వానల్లో కూలిపోనిస్తే, నన్ను అడిగేవాడు లేడు. గుడి చుట్టూ పాత ఊరి రూపం ఉండాలని కదా అసలు కోరిక? ఆ రూపం ఇచ్చే ఇల్లు ఉన్నా పోయినా చట్టానికి ఒకటే. దాంతో మా ఊళ్లాంటి చోట్ల రెండే జరుగుతాయి. ఓపిక ఉన్నవాడు ఇంటికి తాళం వేసి వెళ్లిపోతాడు. తెగించినవాడు పండగ సెలవుల్లో రాత్రికి రాత్రి రేకులైనా స్లాబైనా వేసేస్తాడు. దొంగతనంగా వేసే పనికి మంచి మేస్త్రీ దొరకడు, మంచి సున్నమూ దొరకదు. సిమెంటు ఇటుకలతో ఎంత తొందరగా అయితే అంత తొందరగా లేపేస్తారు. అనుమతితో కట్టి ఉంటే అందంగా వచ్చే గది, అనుమతి లేక వికారంగా వస్తుంది.

ఇళ్లను కాపాడుకోవడానికి వేరే పద్ధతి ఉంది. ఇంగ్లండులో చారిత్రక కట్టడాల జాబితాలో దాదాపు 4,00,000 నమోదులున్నాయి. వాటిలో పదింట తొమ్మిదికి పైగా గ్రేడ్-2 రకం, అంటే మూడు తరగతుల్లో చివరిది. జనం కాపురాలుంటున్న ఇళ్లు అందులో బోలెడు. అలాంటి ఇంటికి గది కలపాలంటే 1990 నాటి చట్టం కింద ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తుకు ఫీజు లేదు. మామూలుగా 8 వారాల్లో నిర్ణయం చెప్పాలి. అనుమతి లేకుండా చేస్తే అక్కడా నేరమే, జైలు శిక్ష కూడా ఉంది. లోపలి మెట్లు మార్చినా, పాత కిటికీ తీసేసినా అడగాల్సిందే. మన చట్టం కంటే చాలా విషయాల్లో అదే గట్టి చట్టం. తేడా ఏమిటంటే అక్కడ సంభాషణ ఉంది. స్థానిక సంస్థలో పాత కట్టడాలు తెలిసిన అధికారి ఉంటారు. ముందే వెళ్లి నక్ష చూపిస్తే, వీధి వైపు వద్దు, వెనక వైపు తగ్గించి కట్టు, పాత గోడను కొట్టకుండా ఆనించు, సున్నం నమూనా ముందు నాకు చూపించు అంటారు. ఆ షరతులు కాగితం మీద ఉంటాయి. ఇంటాయన కూడా విసుక్కుంటాడు, ఖర్చు ఎక్కువవుతుంది. కానీ ఆ ఇంట్లో మనుషులుంటారు, మనుషులున్నంత కాలం పైకప్పు నిలుస్తుంది.

మన దగ్గర ఇలాంటి ప్రయత్నం జరగలేదని కాదు. హైదరాబాద్‌లో 1995లో అప్పటి పట్టణాభివృద్ధి సంస్థ హుడా నిబంధనల్లో 13వ నిబంధన చేర్చి హెరిటేజ్ భవనాల జాబితా తయారుచేశారు, సలహాకు ఒక కమిటీని వేశారు. 2015 డిసెంబరులో ఆ నిబంధన తీసేశారు. 2017లో రాష్ట్రం కొత్త హెరిటేజ్ చట్టం తెచ్చుకుంది. 2019లో కొత్త అసెంబ్లీ భవనం కోసం పాత నవాబు మహలు ఎర్రమంజిల్‌ను కూల్చాలని ప్రభుత్వం నిర్ణయిస్తే హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఇదంతా నగరం కథ, నవాబుల మహళ్ల కథ. పాలమూరు, నల్లగొండ వైపు సామాన్యుల ఇళ్ల దాకా ఆ ఆలోచన రాలేదు. భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. వచ్చినవాళ్లు చూసేది మగ్గాన్నీ, మగ్గం ఉన్న ఆ పెంకుటింటినీ కలిపే కదా. ఆ ఇల్లు ఎలా పెంచుకోవాలో, ఎక్కడ ముట్టుకోకూడదో చేనేత కుటుంబానికి చెప్పే మనిషి ఎవరు? గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ నడుస్తోంది, వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తోంది. పిల్లలు తిరుగుతున్నారు కాబట్టే ఆ గోడలకు అప్పుడప్పుడైనా సున్నం పడుతోంది.

పాత కట్టడాన్ని ముట్టుకోవాలంటే మనవాళ్లకు చేతకాదనే మాట కొందరంటారు. నేను ఒప్పుకోను. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని కృష్ణా, తుంగభద్ర కలిసే కూడవెల్లి నుంచి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, అలంపూర్‌కు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లనూ అలాగే తరలించారు. వెయ్యేళ్లు దాటిన గుడిని మొత్తంగా ఎత్తి ఇంకోచోట పెట్టడానికి నిబంధన, నిపుణులు, డబ్బు, ఓపిక అన్నీ దొరికిన రాష్ట్రంలో, వందేళ్ల ఇంటికి వెనక వైపు పదడుగుల గది ఎలా కలపాలో చెప్పడం అసాధ్యమైన పనా?

మేం చివరికి మరమ్మతుకే దరఖాస్తు పెట్టాం. ఆఫీసులో ఉన్నాయన మర్యాదగా కూర్చోబెట్టి, బయటి గోడల గీత దాటకుండా లోపల ఏం మార్చుకోవచ్చో ఆలోచించండి అన్నాడు. వంటింటి పక్కన జొన్నలు పోసుకునే అర్ర ఉంది. దాన్నే బాత్రూముగా మార్చే నక్ష గీయించాం, మిద్దె మరమ్మతు కూడా అందులోనే కలిపాం. అనుమతి వచ్చింది. అమ్మకు విడిగా గది మాత్రం లేదు, నడి ఇంట్లోనే మంచం.

పనికి వచ్చిన మేస్త్రీ పెద్దాయన. ఆ అర్ర గోడకు ఎప్పుడో మా నాయన ఉన్నప్పుడు సిమెంటు పూయించారు. మేస్త్రీ సుత్తితో మెల్లగా తట్టాడు. డొల్ల శబ్దం వచ్చింది. పెచ్చు ఒకటి ఊడదీస్తే వెనక మట్టి తడితడిగా, చేత్తో గీకితే రాలిపోయేలా ఉంది. నడుము ఎత్తు దాకా తెల్లగా ఉప్పు పూసింది. "సారూ, సిమెంటు పూస్తే పైకి నున్నగ కనపడ్తది. గోడ తాగిన తడి బయటికి పోయే తొవ్వ లేక లోపల్లోపల కుళ్తది" అన్నాడు. ఆ పూత అంతా కొట్టేసి గోడను ఎండాకాలమంతా ఆరబెట్టించాడు. తర్వాత సున్నం, ఇసుక గానుగ పట్టించి, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి పూశాడు. నీళ్లు పడే చోట మాత్రం గోడకు తగలకుండా కొద్దిగా ఎడం వదిలి, నాపరాయి పలకలు నిలబెట్టి లోపల వేరే గోడలా చేశాడు. రేపు ఎప్పుడైనా ఆ పలకలు తీసేస్తే పాత అర్ర అలాగే ఉంటుంది. పాత కట్టడాల నిపుణులు పెద్ద పెద్ద పుస్తకాల్లో చెప్పే సూత్రం అదే: కలిపింది ఏదైనా, పాతదానికి దెబ్బ తగలకుండా వెనక్కి తీయగలగాలి. ఇంత తెలిసిన మనిషి పేరు ఏ ఆఫీసు జాబితాలోనూ లేదు. ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లూ లేరు, అందరూ హైదరాబాద్ అపార్టుమెంట్ల పనికే పోయారు.

కాబట్టి నేను అడిగేది స్పష్టంగా చెబుతాను. చట్టంలోని 100 మీటర్ల గీత అలాగే ఉండనీయండి. దాని లోపల 1992కు ముందు నుంచి మనుషులు కాపురమున్న పాత ఇళ్లకు మాత్రం ఒక చిన్న తలుపు తెరవండి. వెనక వైపు, ఒక అంతస్తు, పాత ఇంటి ఎత్తు మించకుండా, ఇంటి వైశాల్యంలో ఇంత భాగం దాటకుండా, స్థానిక రాయి, సున్నంతో, గుడి వైపు నుంచి కనపడకుండా. కూలిన ఇంటిని అదే కొలతలతో లేపుకునే హక్కు కూడా ఇవ్వండి, కనీసం వరదలో పోయినవాళ్లకు. దానికి బదులుగా మా మీద బాధ్యత పెట్టండి: ఈ ఇంటిని పడగొట్టను, మిద్దెను పాడుబెట్టను అని రాసిస్తాం. దేశంలో 3,600కు పైగా కేంద్ర రక్షిత కట్టడాలున్నాయి. ఊరికి దూరంగా గుట్ట మీద ఉన్నదానికీ, నడి ఊళ్లో ఉన్నదానికీ ఒకే కొలత పెట్టడం న్యాయం కాదు. ఒక్కో కట్టడానికీ విడిగా హెరిటేజ్ ఉపనిబంధనలు రాయాలని 2010 చట్టమే చెప్పింది. చాలా వాటికి అవి ఇంకా రాలేదు. వచ్చినా నిషిద్ధ ప్రాంతంలో నిర్మాణం వద్దనే మాటను అవి మార్చలేవు, అందుకే సవరణ పార్లమెంటులోనే జరగాలి.

రాష్ట్రం చేతిలో ఉన్న పనులూ ఉన్నాయి. 2020లో ఆన్‌లైన్‌లో ఇళ్ల అనుమతులిచ్చే టీఎస్-బీపాస్ పద్ధతి తెచ్చి, 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవాళ్లకు రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. 600 గజాల దాకా సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి అన్నారు. కొత్త ఇంటికి అంత తేలిక చేసిన ప్రభుత్వం, అలంపూర్ లాంటి మున్సిపాలిటీలో పాత ఇల్లు తెలిసిన ఒక్క ఇంజినీరును పెట్టి, మేస్త్రీల పేర్లు, సున్నం దొరికే చోటు, నమూనా నక్షలు తెలుగులో చేతికిస్తే మాకు సగం టెన్షన్ తీరుతుంది.

ఈలోగా నాలాగే గీత లోపల ఇల్లున్నవాళ్లు ఒక పని చేసిపెట్టుకోండి. 1992 జూన్ కంటే ముందు ఇల్లు ఉందని చూపించే కాగితాలు వెతకండి: పాత ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, రిజిస్టరైన దస్తావేజులు, భాగ పరిష్కార పత్రాలు. ఇంటిని నాలుగు వైపుల నుంచీ, లోపల ప్రతి అర్రనూ, మిద్దె పైభాగాన్నీ తేదీ పడేలా ఫొటోలు తీసి దాచండి. కొలతలతో నక్ష గీయించి పెట్టుకోండి. గోడకు చిన్న పగులు కనపడినప్పుడే మరమ్మతుకు దరఖాస్తు పెట్టండి, పడిపోయే దాకా ఆగొద్దు. పడిపోయాక ఆ చట్టం ముందు మీకు ఇల్లు లేనట్టే. దరఖాస్తు పెట్టాక ఇచ్చిన తేదీతో రసీదు తీసుకోండి, గడువు లెక్క దాన్నుంచే మొదలవుతుంది.